వేట, చేపల లైసెన్సులు – స్థానికత నియమాలు: పెనుబల్లి పరిసరాలు

వేటాడటానికో చేపలు పట్టడానికో ప్రభుత్వం ఇచ్చే అనుమతే లైసెన్సు. దాన్ని ఎవరికివ్వాలి, ఎంత రుసుముకివ్వాలి అని తేల్చేటప్పుడు అడిగిన మనిషిది ఏ ఊరు, అక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంటున్నాడు అని చూసే నిబంధనలను స్థానికత నియమాలు అనవచ్చు. అమెరికాలో వీటితో తేలేది ముఖ్యంగా లైసెన్సు ధర. ఖమ్మం జిల్లా పెనుబల్లి వైపు మాత్రం అసలు చెరువులో వల దించవచ్చా లేదా అన్నదే వీటితో తేలుతుంది. వేట లైసెన్సు సంగతి వేరు. అది ఊరివాడికీ లేదు, బయటివాడికీ లేదు. 1991లో ఆ కాగితమే రద్దయింది.

ప్రాంతం

పెనుబల్లి సత్తుపల్లి శాసనసభ నియోజకవర్గంలోని మండలం. ఒక పక్క కనకగిరి గుట్టల అడవి, ఇంకో పక్క కాస్త దూరం పోతే తిరువూరు, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. మండలంలోని అడవిమల్లేల దగ్గర కట్టలేరుకు అడ్డంగా కట్టినదే లంకాసాగర్. అలుగు దాటిన నీళ్లు ఆంధ్రప్రదేశ్‌లోని గంపలగూడెం మీదుగా పోయి మున్నేటి దారిన కృష్ణను చేరతాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు చండ్రుగొండ, దమ్మపేట, అశ్వారావుపేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లాయి, పెనుబల్లి ఖమ్మంలోనే మిగిలింది. అట్లా ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపలే రెండు జిల్లాలు, రెండు రాష్ట్రాలు, వాటితోపాటు ఏజెన్సీ చట్టాలు వర్తించే ఊళ్లూ వర్తించని ఊళ్లూ వచ్చాయి. స్థానికుడు అన్న మాటకు ఇక్కడ ఒకే అర్థం లేకపోవడానికి సగం కారణం ఈ సరిహద్దులే.

చెరువు కట్ట మీద కొత్త మనిషి గాలం వేసుకుని కూర్చుంటే కాపలా ఉన్నాయన మొదట లైసెన్సు అడగడు. "ఏ ఊరండీ మీది?" అంటాడు. చట్టం నాలుగైదు పుస్తకాల్లో రాసిన ప్రశ్న కూడా ఇదే.

వేట లైసెన్సు పోయిన విధం

వేటకు డబ్బు కట్టించుకుని అనుమతి ఇవ్వడం బ్రిటిషు పాలనలో ముదిరిన అలవాటు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1879లోనే నీలగిరి వేట జంతువుల, చేపల సంరక్షణ చట్టం వచ్చింది. కొండల్లో సరదాగా వేటాడే దొరలకు జంతువులు తరిగిపోకుండా చూడటం దాని ఉద్దేశం. తరతరాలుగా అక్కడే బతికే గిరిజనుడు ఆ చట్టం దృష్టిలో దొంగవేటగాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గోదావరి అవతల భద్రాచలం అడవులకు కూడా వర్తించేది. భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోవే. ఇవతల పాల్వంచ, మధిర వైపు నిజాం రాజ్యం. ఒకే కోయ కుటుంబానికి ఏటికి ఇటు ఒక ప్రభువు, అటు ఒక ప్రభువు.

స్వతంత్రం వచ్చాక కూడా వేట లైసెన్సులు చాలాకాలం నడిచాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఒక్కసారిగా ఆపలేదు. ఆ రోజుల్లో అడవులు, వన్యప్రాణులు రాష్ట్రాల జాబితాలో ఉండేవి కాబట్టి, 11 రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేస్తే పార్లమెంటు ఆ చట్టం చేసింది. ఆ పదకొండింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదటి షెడ్యూలు జంతువులను ముట్టుకోకూడదు; మిగతావాటికి నాలుగు రకాల లైసెన్సులు. ప్రత్యేక వేటకు ఒకటి, పెద్ద జంతువుల వేటకు ఒకటి, చిన్న జంతువుల వేటకు ఒకటి, ఉచ్చులు పన్ని పట్టుకోవడానికి మరొకటి. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో వన్యప్రాణులు ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. 1991 సవరణతో ఈ లైసెన్సులకు సంబంధించిన సెక్షన్లన్నీ ఎత్తేశారు.

ఈనాడు చట్టంలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే అనుకోకూడదు. విషం పెట్టడం, ఉచ్చు బిగించడం, తరమడం, ఎర వేయడం, పక్షి గూడు చెడగొట్టడం, గుడ్లు తీయడం, ఇవన్నీ వేటే. ప్రయత్నించినా వేటాడినట్టే లెక్క. మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణతో దానికి కనీస జరిమానా 25,000 రూపాయలయింది. పొలం గట్టున కరెంటు తీగ కట్టి అడవి పందిని చంపినవాడు "నా చేను, నా ఊరు" అంటే చెల్లదు. ఆ తీగల మీద పడి మనుషులు, పశువులు చచ్చిన ఉదంతాలు ఈ అడవి అంచు మండలాల్లో ఏటా పత్రికల్లో వస్తూనే ఉంటాయి.

పది కిలోమీటర్ల గీత

లైసెన్సులు పోయినా వన్యప్రాణి చట్టంలో నివాసం మీద ఆధారపడిన నియమాలు రెండు మిగిలాయి. మొదటిది అభయారణ్యంలోకి అడుగు పెట్టడం గురించి. 27వ సెక్షన్ ప్రకారం లోపలికి వెళ్లగలిగేది విధి మీద ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల నివసించడానికి అనుమతి ఉన్నవాడు, లోపల భూమి మీద హక్కున్నవాడు, ఈ ముగ్గురి మీద ఆధారపడ్డవాళ్లు, ఇంకా రహదారి మీద దాటిపోయేవాడు. తక్కినవాళ్లకు అనుమతి పత్రం ఉండాలి. రెండోది ఆయుధాల గురించి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఉంటూ తుపాకీ లైసెన్సు ఉన్నవాడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆయన ముందుగా ఒప్పుకోకుండా ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వకూడదు.

ఈ ప్రాంతానికి దగ్గరి అభయారణ్యం పాల్వంచ వైపున్న కిన్నెరసాని. 1977లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. పెనుబల్లి ఆ గీతకు బయటే. అయినంత మాత్రాన కనకగిరి అడవిలో వేటకు వెళ్లవచ్చని కాదు. అది రిజర్వు అడవి. 1967 అటవీ చట్టం అక్కడ వేటనూ, ఉచ్చులనూ, నీటిలో విషం కలపడాన్నీ, నిబంధనలకు విరుద్ధంగా చేపలు పట్టడాన్నీ కూడా అడ్డుకుంటుంది. కేసుల పాలైనవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అడవిలోపలి మడుగులో చేపలు పట్టినా ఊరి చెరువులో పట్టినట్టే అనుకుని.

పంటను కాపాడుకోవడానికి గొట్టం మూతినుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. దరఖాస్తు పెట్టుకోవాల్సింది తానుండే చోటి అధికారి దగ్గరే. అయితే తుపాకీకి లైసెన్సు ఉంటే జంతువును కాల్చడానికి లైసెన్సు ఉన్నట్టు కాదు. పందులు మక్కచేను తొక్కి పాడుచేస్తుంటే రైతు చేయగలిగింది అర్జీ పెట్టుకోవడం. నిలిచిన పైరుకు ప్రమాదంగా మారిన జంతువును చంపడానికి అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. తెలంగాణలో సర్పంచులను గౌరవ వన్యప్రాణి వార్డెన్లుగా గుర్తించి, అడవి పందుల విషయంలో ఈ అధికారాన్ని ఊరి దాకా తెచ్చారు. అందులోనూ కాల్చేది రైతు కాదు, జాబితాలో పేరున్న షూటరు. ఆ షూటరు ఏ జిల్లావాడైనా కావచ్చు. చేను ఈ ఊరిది, తుపాకీ హైదరాబాదుది, పంది ప్రభుత్వానిది. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం అట్లా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తే.

చెరువు ఎవరిది

చేపల విషయానికి వస్తే లెక్క మారిపోతుంది. చేపల పెంపకం, పట్టడం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో 21వ అంశం. వల, గాలం, మావు, కొడమ, ఊత, వీటితో చెరువులో మామూలు చేపలు పట్టడం వన్యప్రాణి చట్టంలోని వేట కిందకు రాదు. మందుగుండు పేల్చి, విషం కలిపి పట్టడాన్ని 1897 నాటి చేపల చట్టమే నిషేధించింది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. వలలో నీటి తాబేలు పడితే వదిలేయాలి. వాటిలో చాలా రకాలు మొదటి షెడ్యూలు జీవులు, పులితో సమానం.

తెలంగాణలో స్థూలంగా నూరెకరాలలోపు ఆయకట్టున్న కుంటలు, చిన్న చెరువులు పంచాయతీల చేతిలో, అంతకు మించినవి మత్స్యశాఖ చేతిలో ఉంటాయి. రెండింటిలోనూ చేపల హక్కు ముందుగా స్థానిక మత్స్య పారిశ్రామిక సహకార సంఘానికే పోతుంది. సంఘం లేకపోతేనో, ఉండి కూడా లీజు కట్టలేకపోతేనో తర్వాత వేలం. ఇక్కడ మనిషి నేరుగా లైసెన్సు కొనుక్కోవడం ఉండదు. సంఘంలో సభ్యత్వమే అతని లైసెన్సు. అందువల్ల స్థానికత పరీక్ష కూడా సభ్యత్వం దగ్గరే జరుగుతుంది.

ఆ పరీక్షలో మొదటి షరతు వయసు, పద్దెనిమిదేళ్లు. రెండోది సంఘం పరిధిలోని ఊళ్లో కాపురం. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు జాబితా, మీసేవలో తీసుకున్న నివాస ధ్రువపత్రం, వీటిలో ఏదో ఒకటి చూపించాలి. మూడోది వృత్తి. వల విసరడం, అల్లడం, ఈత వచ్చో రాదో మత్స్యశాఖవాళ్లు నైపుణ్య పరీక్ష పెట్టి చూస్తారు. కంప్యూటరు ముందు పెరిగిన మనవడు ఈ పరీక్షకు వచ్చి విసురు వలను కుప్పగా నీళ్లలో పడేస్తే ఒడ్డున ఉన్నవాళ్లు నవ్వుకుంటారు. అయినా పేరు కావాలి కాబట్టి మళ్లీ వస్తాడు.

నాలుగోది కాగితంలో కంటే ఊళ్లో ఎక్కువ బలంగా ఉండేది, కులం. గంగపుత్రులు, బెస్తలు చేపల వృత్తి తమదేనంటారు. ముదిరాజులు చెరువుల మీద తామూ తరాలుగా బతుకుతున్నామంటారు. కొత్త సభ్యత్వాల దగ్గర ఈ రెండు వర్గాలకూ పేచీ తెలంగాణ అంతటా ఉన్నదే. 2016లో ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టాక సభ్యత్వం విలువ పెరిగింది, పేచీ కూడా పెరిగింది. నా ఉద్దేశంలో ఈ తగాదాలో స్థానికత చాలాసార్లు పైకి చెప్పే కారణం మాత్రమే. ఇద్దరిదీ ఒకే ఊరు, వాడకట్టులూ పక్కపక్కనే ఉంటాయి. తేడా ఊరిలో లేదు, వాటాలో ఉంది.

ఆ వాటా ఎట్లా పంచుతారో చూడాలంటే ఎండాకాలం చివర్లో చెరువు కట్టకు పోవాలి. నీళ్లు అడుగంటాక తెల్లవారకముందే పెద్ద వల దించుతారు. ఎండెక్కేసరికి కట్ట మీద శీలావతులు ఒక కుప్ప, బొచ్చెలు ఒక కుప్ప, బంగారుతీగలు ఇంకో కుప్ప. కొరమీను విడిగా, నీళ్లున్న డ్రమ్ములో, ప్రాణంతో. దాని ధర వేరు. అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. ట్రాలీ ఆటోలో ఐసు పెట్టెలు, చెట్టు కొమ్మకు వేలాడే కాటా. కాటా పక్కన చాప మీద సంఘం కార్యదర్శి. అతని చేతిలో మూలలు నలిగిన లాంగ్‌బుక్కు. అందులో ఎడమ పక్క పేర్లు, కుడి పక్క వంతులు. చనిపోయిన తండ్రి పేరు కొట్టేసి కింద కొడుకు పేరు రాసి ఉంటుంది. హైదరాబాదులో పనికి పోయినవాడి పేరు ఎదుట ఖాళీ. ఇల్లరికం వచ్చిన అల్లుడి పేరు పక్కన ప్రశ్నార్థకం. ఆడపిల్ల పెళ్లయి పక్క మండలానికి పోతే వంతు పోతుందా, భర్తను తీసుకుని పుట్టింటికే వస్తే వంతు వస్తుందా అన్నది ఏ చట్టమూ రాయకముందే ఆ లాంగ్‌బుక్కులో తేలిపోతుంది.

సంఘం పట్టుబడి అయిపోయాక ఇంకొక సంగతి జరుగుతుంది, దాన్ని ఈ వైపు చేపల లూటీ అంటారు. ఫలానా రోజు లూటీ అని తెలిస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం ఊతలు, జల్లెడలు, చీరకొంగులు, దోమతెరలతో దిగిపోతారు. మోకాలి లోతు బురదలో వందలమంది. ఆ పూట ఎవరినీ ఏ ఊరని అడగరు. కులం అడగరు, కాగితం అడగరు. మృగశిర కార్తె నాడు ఇంట్లో చేపల కూర ఉండాలనుకునే ప్రాంతంలో ఇది పేదవాడి పండుగ లెక్క. చట్టంలో దీనికి చోటు ఎక్కడా లేదు. సంఘాలు ఒప్పుకుంటాయి కాబట్టి నడుస్తోంది.

పెద్ద నీళ్లు, బయటివాళ్లు

పెద్ద జలాశయాల్లో లెక్క వేరు. ఒక సంఘానికి చెరువంతా లీజుకివ్వకుండా జాలరులకు విడివిడిగా లైసెన్సు ఇచ్చే పద్ధతి ఉంది. లైసెన్సు అన్న మాటకు అసలు అర్థం ఇక్కడే కనబడుతుంది. ఖమ్మం జిల్లాలో వైరా, పాలేరు జలాశయాల చుట్టూ చేపల మీద బతికే ఊళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కృష్ణా నది మీది పెద్ద జలాశయాల్లో తగాదా ఇంకా ముదిరింది. శ్రీశైలం వెనుక నీళ్లలో, కొల్లాపూర్ వైపు, కోస్తా నుంచి వచ్చిన జాలరులు సన్న కన్నుల అలివి వలలతో చేపపిల్లలను కూడా ఊడ్చేస్తున్నారని స్థానిక జాలరుల ఫిర్యాదు. అలివి వల ఎవరు వేసినా నిషేధమే. కానీ ఫిర్యాదు ఎప్పుడూ "బయటి నుంచి వచ్చినవాళ్లు" అని మొదలవుతుంది. వల కన్ను ఎంతుందన్నది స్కేలుతో కొలవవచ్చు, మనిషి ఎక్కడివాడన్నది అట్లా కొలవలేం. అధికారులు మొదటిదాన్ని పట్టుకుంటే తగాదా సగం తీరుతుందని నా అభిప్రాయం.

ఊరివాళ్లకే హక్కు అన్న పద్ధతి ప్రభుత్వాలు పుట్టించింది కాదు. పులికాట్ సరస్సులో పాడు పద్ధతి ఉంది. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో చీటీలు వేసి, వంతుల వారీగా తేల్చుకుంటారు. వంతు ఊరి జాలరి కుటుంబాలకే. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించాక, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు తేడా చూసింది పెట్టుబడి పెట్టి చెరువు తవ్వినవాడికీ, మావులు పెట్టుకుని బతికే లంక గ్రామాల జాలరికీ మధ్య.

2005 డిసెంబరు 13

కనకగిరి అంచు గూడేలకు, గోదావరి దాకా ఉన్న కోయ పల్లెలకు అన్నిటికంటే పదునైన స్థానికత నియమం 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. అందులో సామూహిక హక్కుల కింద నీటివనరుల్లోని చేపలు, ఇతర ఉత్పత్తుల మీద హక్కు స్పష్టంగా రాసి ఉంది. అదే సెక్షన్లో కాస్త కిందికి దిగితే, సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులన్నీ గుర్తిస్తూనే, అడవి జంతువులను వేటాడే, ఉచ్చు పన్నే హక్కును మాత్రం మినహాయించారు. అంటే చేపకు హక్కు ఉంది, కుందేలుకు లేదు.

కోయ ఊళ్లలో భూమి పండుగకు మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోవడం విత్తనాల పండుగలో భాగం. వేట దొరక్కుండా ఉత్త చేతులతో వచ్చినవాణ్ని ఆడవాళ్లు ఆటపట్టిస్తారు, దారిన పోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతారు. ఆ వేట ఆకలి కోసమే కాదు, విత్తనం మొలవడం కోసం. చట్టం రాసినవాళ్లు చేపను ఆహారంగా చూశారు, వేటను నేరంగా చూశారు. పండుగగా చూసే గడి దరఖాస్తు ఫారంలో పెట్టలేదు.

హక్కు ఎవరికి అన్న చోట తేదీ వస్తుంది. షెడ్యూల్డు తెగవారైతే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ప్రధానంగా ఆ అడవి ప్రాంతంలో ఉంటూ జీవిక కోసం దాని మీద ఆధారపడి ఉండాలి. తెగలకు చెందని ఇతర సంప్రదాయ అటవీవాసులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు. తరం అంటే 25 ఏళ్లని చట్టమే చెప్పింది, కాబట్టి 75 ఏళ్లు. 1930కి ముందు నుంచీ అక్కడే ఉన్నామని రుజువు చేసుకోవాలి. అంటే నిజాం కాలపు కాగితం. ఆ కాగితం ఉన్న జాలరి కుటుంబం అడవి అంచున ఎక్కడుంటుంది? చట్టం ఇందుకు ఒక ఊరట ఇచ్చింది. రికార్డులే కావాలని పట్టుబట్టకుండా, ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకున్నా, పాత బావి, శ్మశానం, ఇంటి ఆనవాళ్లు చూపించినా సాక్ష్యమే. దరఖాస్తును మొదట గ్రామసభలోని అటవీ హక్కుల కమిటీ చూస్తుంది, తర్వాత డివిజను కమిటీ, ఆపైన జిల్లా కమిటీ.

ఈ తేదీ ఎవరిని బయట నిలబెడుతుందో చూడాలంటే గుత్తికోయలను చూడాలి. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాల కదలిక మొదలయ్యాక ఊళ్లు వదిలి భద్రాచలం, కొత్తగూడెం అడవుల్లోకి వచ్చిన కుటుంబాలు అవి. భాష కోయదే, బంధువులు ఇక్కడివాళ్లే. కానీ ఎక్కువమందికి కటాఫ్‌కు ముందు ఇక్కడ ప్రధాన నివాసం లేదు. వాళ్లు ఇక్కడి చట్టానికి స్థానికులు కాదు. వదిలి వచ్చిన ఊరికి తిరిగి పోలేరు.

షెడ్యూల్డు ప్రాంతం జాబితాలో ఉన్న గ్రామమైతే 1996 నాటి పెసా చట్టం కూడా వర్తిస్తుంది. చిన్న నీటివనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలంటుంది అది. జాబితాలో లేని పక్క ఊరికి అదేమీ లేదు. మధ్యలో ఉన్న వాగు ఒక్కటే.

రాత్రికి రాత్రి మారిన చిరునామా

2014లో తెలంగాణ ఏర్పడగానే పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం పూర్తిగా, బూర్గంపాడులో కొంత, భద్రాచలం మండలంలో పట్టణం మినహా మిగతాదంతా. భద్రాచలం రేవు తెలంగాణ, పక్కనే ఎటపాక ఆంధ్రప్రదేశ్. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, పిచ్చుకలపాడు, కన్నాయిగూడెం అనే ఐదు ఊళ్లను తిరిగి కలపాలన్న డిమాండు అప్పటి నుంచీ ఉంది. చేపలు రాష్ట్ర విషయం కాబట్టి, సంఘం రిజిస్ట్రారు, మత్స్యశాఖ, చేపపిల్లల పథకం, అన్నీ మారిపోయాయి. 2022లో ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు, ఏలూరు జిల్లాల్లోకి మారాయి. ఇల్లు కదలలేదు, నది కదలలేదు. ఎనిమిదేళ్లలో మూడో జిల్లా.

అమెరికాలో తెలుగువారి గాలం

సత్తుపల్లి, తిరువూరు వైపు నుంచి డల్లాస్‌కు వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు తక్కువేమీ లేవు. అక్కడ వారాంతం చెరువు గట్టుకు పోయేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే, కాకపోతే కంప్యూటరు తెర మీద. టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలకు మించి ఉన్నవాడు రెసిడెంటు. పౌరసత్వంతో పని లేదు, హెచ్‌1బీ వీసా మీద ఉన్నా ఆ లెక్కే. ఇటీవలి రేట్ల ప్రకారం మంచినీటి చేపల లైసెన్సు రెసిడెంటుకు 30 డాలర్లు, బయటివాడికి 58. వేట లైసెన్సు తేడా చూస్తే గుండె ఆగుతుంది: 25 డాలర్లు ఒకరికి, 315 ఇంకొకరికి. పదిహేడేళ్లలోపు పిల్లలకు చేపల లైసెన్సు అక్కర్లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లోనూ ఆరు నెలలే, అలాస్కాలో పన్నెండు. ఆరో నెల నిండకుండా రాష్ట్రం మారిన సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఏ రాష్ట్రానికీ రెసిడెంటు కాకుండా మధ్యలో వేలాడటం మామూలే.

టెక్సస్, ఓక్లహోమా సరిహద్దు మీద టెక్సోమా సరస్సు ఉంది. దానికి 12 డాలర్ల ప్రత్యేక లైసెన్సు పెట్టారు. అది తీసుకుంటే సరస్సులో రెండు రాష్ట్రాల నీళ్లలోనూ పట్టుకోవచ్చు, ఏ రాష్ట్రంవాడివని అడగరు. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల మీద ఇటువంటిది ఒకటి రెండు తెలుగు ప్రభుత్వాలు కూర్చుని రాసుకుంటే ఎంత బాగుండునో.

ఇంకో చిత్రం. అమెరికాలో వలసేతర వీసా మీద ఉన్నవాడు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అయితే ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు వస్తుంది. ఇక్కడ తుపాకీ లైసెన్సు ఉన్నా వేటాడలేం. అక్కడ వేట లైసెన్సు ఉంటే తుపాకీ దొరుకుతుంది.

రెసిడెంటుకు ఒక ధర, బయటివాడికి ఒక ధర న్యాయమేనా అన్న ప్రశ్న అక్కడి సుప్రీంకోర్టుకు పోయింది. 1948లో దక్షిణ కరోలినా కేసు: రొయ్యల పడవకు రాష్ట్రంవాడు 25 డాలర్లు కడితే బయటివాడు 2,500 కట్టాలి. కోర్టు కొట్టేసింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో జపాను నుంచి వచ్చిన జాలరికి లైసెన్సు నిరాకరించడాన్ని కూడా కొట్టేసింది. 1978లో మోంటానా కేసు: ఎల్క్ జింక వేటకు రాష్ట్రంవాడికి 9 డాలర్ల లైసెన్సు ఉంటే, బయటివాడు 225 డాలర్ల ఉమ్మడి లైసెన్సే కొనాలి. కోర్టు దాన్ని నిలబెట్టింది. తేడా ఎక్కడుందంటే మొదటి రెండూ పొట్టకూటి విషయాలు, మూడోది సరదా. బతుకుతెరువు దగ్గర ఊరు అడగొద్దు, వినోదం దగ్గర అడగవచ్చు అన్నట్టు తేలింది.

మన రాజ్యాంగం 15వ అధికరణం పుట్టిన చోటును బట్టి వివక్ష చూపొద్దంటుంది. నివాసం సంగతి అందులో లేదు. 1955లో డి.పి. జోషి కేసులో సుప్రీంకోర్టు పుట్టిన చోటు వేరు, నివసించే చోటు వేరు అని తేల్చింది. అది వైద్య కళాశాల ఫీజు తగాదా. కానీ సహకార సంఘంలో "మా ఊరివాళ్లకే" అన్న నియమం నిలబడుతున్నది కూడా ఆ తేడా మీదే. అమెరికా కోర్టు చూపిన గీతకు ఇది పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఇక్కడ బతుకుతెరువు దగ్గరే ఊరు అడుగుతాం. ఎందుకంటే చెరువు చిన్నది, దాని మీద బతికేవాళ్లు ఎక్కువ.

వాడుకలో

సెలవులకు ఊరొచ్చి లంకాసాగర్ వైపో, ఏదైనా చెరువు అలుగు దగ్గరికో గాలం పట్టుకుని పోయేవాళ్లు ముందు ఆ నీళ్లు ఏ సంఘానివో కట్ట మీద కనుక్కోండి. కార్యదర్శిని అడిగితే ఒకటి రెండు చేపలకు అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. తొలకరి తర్వాత చేప గుడ్లు పెట్టే రోజుల్లో మాత్రం, ఎదురెక్కే చేపను చూసి నోరూరినా, వదిలేయండి.